అరకు వెళ్తున్నారా? ముందు గంటలు లెక్కేసుకోండి

వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఈ ఒక్క అంకె చూసుకునే చాలామంది ప్లాన్ వేసేస్తారు. పొద్దున ఎనిమిదికి బయల్దేరి పదకొండుకల్లా బొర్రా గుహలు, భోజనం అరకులో, సాయంత్రం చాపరాయి జలపాతం, వీలైతే పాడేరు దగ్గరి వంజంగి కొండ, రాత్రికి ఇల్లు. కాగితం మీద అన్నీ కుదురుతాయి. ఘాట్ ఎక్కాక ఏదీ కుదరదు. శృంగవరపుకోట దాటే దాకా గంటకు యాభై పోయిన బండి, కొండ మొదలయ్యాక పాతిక ముప్పై దాటదు. ముందర ఒక లోడు లారీ దొరికిందంటే అదీ ఉండదు.

అసలు చిక్కు దూరం కాదు, వేళ. ఈ కొండల్లో చూడాల్సిన ప్రతిదానికీ ఒక సమయం ఉంది. వంజంగి మబ్బులు తెల్లారకముందే చూడాలి, ఎనిమిదిన్నర తొమ్మిది తర్వాత అక్కడ మామూలు కొండే ఉంటుంది. బొర్రా గుహలు సాధారణంగా పదికి గానీ తెరవరు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా విరామం, సాయంత్రం ఐదుకి మూసేస్తారు. డిసెంబరులో సూర్యుడు దాదాపు అయిదున్నరకే కొండ చాటుకి వెళ్ళిపోతాడు, ఆరయ్యేసరికి ఘాట్‌లో చిమ్మచీకటి. కాబట్టి ఊళ్ళ జాబితా పక్కన పెట్టి, ముందు గంటలు రాసుకోండి. ఏ గంటకి ఎక్కడ ఉండాలో తేలితే ఏది వదులుకోవాలో దానంతట అదే తేలిపోతుంది.

మా లెక్కలో రెండు రాత్రులు, మూడు పగళ్ళు సరైన కొలత. మొదటి రాత్రి అరకు, రెండో రాత్రి పాడేరు. ఎక్కేది ఒక ఘాట్, దిగేది ఇంకో ఘాట్. ఒక్క రాత్రే వీలైతే పాడేరు, వంజంగి తీసేయండి. ఒక్క రోజే ఉంటే బొర్రా, అనంతగిరి చూసుకుని మూడున్నరకల్లా కిందికి మొహం తిప్పండి. అరకు ఊరు దాకా వెళ్ళాలనే పట్టుదల పెట్టుకోవద్దు, ఆ దారిలో అందమంతా ఊరు రాకముందే ఉంది.

లంబసింగి ఈ లెక్కలో లేదు. అది చింతపల్లి మండలం, మనకి నర్సీపట్నం మీదుగా పోయే దారి. అరకుతో కలిపి ఒకే వారాంతంలో కుక్కితే రోజంతా బండిలోనే గడిచిపోతుంది. దానికి వేరే వారం పెట్టుకోండి.

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు. ఇది పాత వైజాగ్ పద్ధతి, ఇప్పటికీ ఇంతకన్నా మంచిది లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన వైజాగ్ పోర్టుకి దింపడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఇది. లైను మొత్తం మీద 58 సొరంగాలు. బొడ్డవర, శివలింగపురం దాటాక కొండ మొదలవుతుంది. తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, ఆ తర్వాత అరకు. శిమిలిగూడ 996 మీటర్ల ఎత్తులో ఉంది, బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయినది అదే. అరకు దానికన్నా కాస్త కిందే, అంటే చివరి స్టేషన్‌కి రైలు దిగుతూ పోతుంది.

కిరండూల్ ప్యాసింజరు వైజాగ్‌లో పొద్దున ఏడులోపే కదులుతుంది, అరకుకి దాదాపు నాలుగు గంటలు. టైములు మారుతుంటాయి కాబట్టి ముందురోజు ఒకసారి చూసుకోవాలి. దీనికి 2017 నుంచి విస్టాడోమ్ పెట్టె తగిలిస్తున్నారు: అద్దాల పైకప్పు, తిరిగే సీట్లు. శీతాకాలం శని, ఆదివారాలకి రిజర్వేషన్ తెరిచిన మొదటి రోజుల్లోనే అయిపోతుంది. ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి ఆ తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దొరక్కపోతే దిగులు పడక్కర్లేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే సొరంగంలోకి దూరినప్పుడు మొహానికి తగిలే చల్లగాలి, తడిసిన రాతి వాసన ఉంటాయి. అద్దాల పెట్టెలో ఆ రెండూ ఉండవు. వెళ్ళేటప్పుడు లోయ ఎక్కువ భాగం కుడి చేతి వైపు. జనరల్ అయితే ప్లాట్‌ఫారం మీద ముప్పావుగంట ముందు ఉండాలి.

ఇక్కడ డబ్బూ టైమూ రెండూ కలిసొచ్చే కిటుకు ఒకటుంది. టాక్సీ మాట్లాడుకున్నవాళ్ళు బండిని ఖాళీగా రోడ్డు మీద పంపించి, తాము రైలెక్కి, అరకులో కాకుండా బొర్రా గుహలు స్టేషన్లో దిగాలి. బండి కూడా ఆరున్నరకే వైజాగ్ వదలాలి, అక్కడికి 90 కిలోమీటర్ల పైనే, మూడు గంటలు పడుతుంది. డ్రైవరుకి రాత్రే ఖచ్చితంగా చెప్పాలి, పొద్దున ఫోన్ చేస్తే ఆయన టీ తాగి బయల్దేరేసరికి మీరు స్టేషన్లో గంటసేపు నిలబడాలి. అరకు దాకా రైల్లో పోతే బొర్రా కోసం మళ్ళీ 35 కిలోమీటర్లు వెనక్కి రావాలి. చాలామంది చేసే పొరపాటు ఇదే, మధ్యాహ్నమంతా దీనికే పోతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం రైలు నమ్ముకోవద్దు. చాలాచోట్ల ఖనిజం రైళ్ళకి దారిచ్చి ఆగుతుంది, ఆలస్యమైతే ఎంత ఆలస్యమో చెప్పలేం, పైగా శీతాకాలంలో కొండ భాగం సగం చీకట్లోనే దిగుతుంది.

బొర్రాలో రెండు గంటలు పెట్టుకోండి. సున్నపురాయిని నీళ్ళు కరిగించి తొలిచిన గుహలు అవి, గోస్తని నది అక్కడి కొండల్లోంచే వస్తుంది. రైలు పట్టాలు ఆ కొండ మీదుగానే పోతాయి, అంటే మీరు దిగిన రైలు వెళ్ళింది ఆ కప్పు పైనుంచే. దిగడం తేలిక, ఎక్కడమే పని. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని మొదటి పెద్ద హాలు వరకు తీసుకెళ్ళి అక్కడే కూర్చోబెడితే చాలు, అసలు వైభవమంతా అక్కడే కనిపిస్తుంది. మెట్లు తడిగా ఉంటాయి, నున్నటి అడుగున్న చెప్పులు జారతాయి. బయట కోతులు. చేతిలో కవరు కనిపిస్తే చాలు లాక్కుంటాయి, తిండి బండిలోనే వదిలేసి అద్దాలు పూర్తిగా ఎక్కించండి. గుహలోంచి బయటికొచ్చాక గాలి వేడిగా అనిపించి స్వెట్టర్లు తీసేస్తారు. పిల్లలకి అప్పుడే తీయకండి, చెమటతో అనంతగిరి ఎక్కితే చలికి వణుకుతారు. కటికి జలపాతం అక్కడికి దగ్గరే, జీపు మాట్లాడుకుని కొంత నడవాలి. ఆగస్టు నుంచి నవంబరు దాకా అయితే వెళ్ళండి, మార్చిలో వద్దు.

బొర్రా నుంచి అరకు రోడ్డులో అనంతగిరి, గాలికొండ వ్యూ పాయింట్, సుంకరిమెట్ట. కాఫీ తోటలు ఇక్కడే. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. డిసెంబరులో కొమ్మకి కొమ్మ ఎర్రటి పండ్లు. ఒక పండు నేల మీద దొరికితే నొక్కి చూడండి: ఎర్ర తోలు చీలి, తియ్యటి జిగురు వేళ్ళకంటుకుంటుంది, లోపల రెండు గింజలు పొట్టమీద గీతలు ఒకదానికొకటి ఆనించి పడుకుని ఉంటాయి, వాటి మీద ఇంకో గట్టి పొర. ఆ జిగురు కడిగి, ఎండబెట్టి, ఆ పొర తీసి, వేయించాకే మనం ఎరిగిన వాసన. కొమ్మ మీదివి మాత్రం తెంపకండి, అది ఒక గిరిజన కుటుంబం ఏడాది రాబడి.

అరకులో పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం మూడూ ఊళ్ళోనే, పూట చాలు. పద్మాపురం రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిన తోట. మర్నాడు తెల్లవారుజామున మాడగడ కొండ ఎక్కితే మబ్బులు అక్కడా కనిపిస్తాయి, ఊరికి దగ్గర. అరకులో పడుకుని వంజంగికి పోదామని రాత్రి రెండున్నరకి లేచి పొగమంచులో 45 కిలోమీటర్లు తోలేవాళ్ళున్నారు, అది వద్దు. వంజంగి కావాలంటే పాడేరులో పడుకోవాలి, అరకులో ఉంటే మాడగడ చాలు.

రెండో రోజు మధ్యాహ్నం అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలోనే డుంబ్రిగుడ దగ్గర చాపరాయి. నున్నటి బండ మీద నీళ్ళు పరుచుకుని జారతాయి. లోతు లేనట్టే కనిపిస్తుంది. పాచి పట్టిన చోట కాలు పెడితే మాత్రం ఎవరూ పట్టుకోలేరు, ప్రవాహం బండ చివర గుంటలోకి ఈడ్చుకుపోతుంది. తడిసిన బండ నల్లగా ఉంటే పాచి ఉన్నట్టే, పొడిగా తెల్లగా ఉన్నచోటే నడవాలి. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటి దాకా ఈ దారి పొడవునా వలిసె పూలు, పొలాలకి పొలాలు పసుపు. అవి నూనెగింజల పంట. ఫొటోకి రైతు కొంత డబ్బు అడిగితే ఇచ్చి, గట్టు మీదే నిలబడండి. పొలం మధ్యలోకి వెళ్ళి కూర్చున్న చోట ఇక గింజ ఉండదు.

ఇప్పుడు వంజంగి. ఎక్కువమంది నిరాశపడి దిగేది ఇక్కడే, కారణం తెలియకపోవడమే. అక్కడ మనం చూసేది ఆకాశంలో మబ్బు కాదు, లోయలో పట్టిన మంచు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలనంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది, వాలుల మీదుగా నీళ్ళలాగే కిందికి జారి లోయలో నిలవ ఉంటుంది. అందులో తేమ ఉంటే మంచుగా మారుతుంది. మనం ఆ పొరకి పైన నిలబడతాం కాబట్టి అది పాలసముద్రంలా కనిపిస్తుంది. అంటే మూడు కుదరాలి: నేలలో తేమ, తేటగా ఉన్న ఆకాశం, గాలి లేకపోవడం. ఒకటి తప్పినా మబ్బులు లేవు. రాత్రంతా పైన మేఘం కమ్మితే అది దుప్పటిలా పనిచేసి నేలని చల్లబడనివ్వదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే గాలి ఆ పొరని చెదరగొడుతుంది, లేదా మేఘమే కొండ మీద కూర్చుంటుంది, చుట్టూ తెలుపు తప్ప ఏమీ కనిపించదు.

కాబట్టి రాత్రి తొమ్మిదిన్నరకి పాడేరు లాడ్జి బయటికొచ్చి మూడు చూడండి. నక్షత్రాలు స్పష్టంగా ఉన్నాయా. చెట్టు ఆకు కదలకుండా ఉందా. కారు పైకప్పు మీద వేలు పెట్టి గీస్తే తడి గీత పడుతోందా. మూడూ ఉంటే మూడున్నరకి అలారం పెట్టండి. లేకపోతే హాయిగా ఏడు దాకా పడుకోండి, నష్టమేం లేదు.

వెళ్ళేవాళ్ళు నాలుగుకల్లా పాడేరు వదలాలి. వంజంగి దగ్గరే, కానీ బండ్లు ఒకచోట ఆగిపోతాయి, అక్కడినుంచి నడక, చివరి భాగం నిట్టనిలువు. డిసెంబరు చివర, జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతం. దానికి అరగంట ముందే పైన ఉండాలి, రంగులన్నీ ఆ అరగంటలోనే. ఫోన్ లైటుతో నడిస్తే బ్యాటరీ చలికి తొందరగా దిగి, తీరా ఫొటో వేళకి ఫోన్ ఆరిపోతుంది. విడిగా టార్చి తీసుకెళ్ళండి. మట్టి దారి మంచుకి తడిసి జారుడుగా ఉంటుంది, ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే పడతారు. బట్టలు ఒక్క మందపాటి కోటు కాదు, పల్చటివి రెండు మూడు పొరలు. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన ఆగగానే ఆ చెమటే వణికిస్తుంది. లోపలి చొక్కా ఒకటి అదనంగా తీసుకెళ్ళి పైకి చేరగానే మార్చుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. మంకీ క్యాపు, సాక్సులు సరేసరి.

గదుల్లో హీటర్లుండవు. రగ్గులు ఎన్నిస్తారో, వేడినీళ్ళు గీజరా బకెట్టా అని బుక్ చేసేటప్పుడే అడగాలి. చలికి తట్టుకోలేక కుంపటి, నిప్పుల బకెట్టు గదిలోకో టెంట్‌లోకో తెచ్చుకోవద్దు. తలుపులు మూసిన చోట బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట బయటే, పడుకునే ముందు నీళ్ళు పోసి ఆర్పేయాలి.

తిండి విషయానికొస్తే బొంగు చికెన్. పచ్చి వెదురు గణుపులో కారం, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు, వెదురులోని తడే ఉడికిస్తుంది. ముప్పావుగంట దాకా పడుతుంది. రద్దీ రోజుల్లో తొందరపడి పదిహేను నిమిషాలకే దింపేస్తే పైన నల్లగా, లోపల ఎముక దగ్గర ఎర్రగా ఉంటుంది. చూడబోయే చోటికి వెళ్ళేముందే చెప్పిపెట్టి, తిరిగొచ్చాక మీ ఎదురుగా చీల్చమనండి. ముక్క ఎముక నుంచి సులువుగా ఊడాలి, రసం తేటగా ఉండాలి. ఎర్రటి నీరు కనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేయండి.

కాఫీ పొడి కొంటే ప్యాకెట్టు మీద చికోరీ శాతం చదవండి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు చెప్పి రోడ్డు పక్కన ఏదైనా అమ్ముతారు. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తీసుకోవడం నిక్కచ్చి, అది వైజాగ్‌లోనూ దొరుకుతుంది, కొండ మీంచి కిలోలు మోయక్కర్లేదు. చికోరీ లేని పొడికి డికాషన్ పల్చగా, ఎర్రగా దిగుతుంది. ఫిల్టరులో ఎప్పుడూ వేసేదానికన్నా ఒకటిన్నర రెట్లు వేసి, పాలు తగ్గించండి. మన ఇళ్ళలో ‘అరకు కాఫీ బాగోలేదు’ అనే మాట చాలావరకు ఈ కొలత తప్పడం వల్లే.

ఘాట్ దిగడం గురించి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, రెండో గేరు చాలాచోట్ల సరిపోతుంది. న్యూట్రల్‌లో జారనిస్తే భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి, ఒకచోట పెడల్ నొక్కినా పట్టు ఉండదు. కాలిన వాసన రాగానే పక్కకి ఆపి అరగంట చల్లారనివ్వండి, నీళ్ళు పోస్తే డిస్కులు వంకర తిరుగుతాయి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు వెనక్కి కొట్టి ఎదురుగా తెల్ల గోడే కనిపిస్తుంది, లోబీమ్‌లో ఉంచి అంచు గీత పట్టుకుని పోవాలి. మలుపుల్లో ఎక్కే బండికి దారివ్వాలి. స్కూటర్ల మీద కొండ దిగేవాళ్ళు ఇంజను ఆపేసి పెట్రోలు మిగిల్చుకుందామని చూడొద్దు. పెట్రోలు శృంగవరపుకోటలోనే నింపుకోండి, కొంత నగదు ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు. వాంతులయ్యేవాళ్ళకి పూరీ కాకుండా రెండు ఇడ్లీలు పెట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టి, మాత్ర అరగంట ముందు వేయించండి.

మూడో రోజు వంజంగి దిగి టిఫిను అయ్యాక పాడేరు ఘాట్ మీదుగా మాడుగుల, చోడవరం పట్టుకుని వైజాగ్. ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర బండ్లు ఆగుతాయి, దణ్ణం పెట్టుకోవడానికీ బ్రేకులు చల్లార్చుకోవడానికీ అదే మంచి చోటు. మాడుగులలో గోధుమ పాలతో కట్టెల పొయ్యి మీద చేసే హల్వా పావుకిలో కొనండి, రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది.

నెలల సంగతి: నవంబరు రెండో వారం నుంచి జనవరి చివరి దాకా అన్నిటికీ అనుకూలం, కార్తీక మాసం ఆదివారాలూ సంక్రాంతి సెలవులూ తప్పించి. మంగళ, బుధవారాలు వెళ్ళగలిగితే గదులు సగానికి దొరుకుతాయి. జూలై నుంచి సెప్టెంబరు జలపాతాల కాలం, కానీ పట్టాల మీద బండరాళ్ళు పడి రైలు మధ్యలోనే ఆపేసే రోజులూ అవే. అక్టోబరులో తుపాను వార్త ఉంటే బుకింగు వాయిదా వేయండి. మార్చి, ఏప్రిల్‌లో వానజల్లు పడ్డ వారానికి కాఫీ తెల్లగా పూస్తుంది, మల్లె వాసన, జనమూ ఉండరు.

చివరిగా ఒక్కటి, దీన్ని ఎవరూ బ్యాగులో పెట్టుకోరు. ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము, గదికి దోమతెర లేకపోతే అడిగి తెప్పించుకోండి. తిరిగొచ్చిన నెలలోపు చలిజ్వరం వస్తే పారాసిటమాల్‌తో రెండు రోజులు చూద్దామనుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించి, డాక్టరుతో ‘పాడేరు వైపు వెళ్ళొచ్చాం’ అని ముందే చెప్పండి.